రబ్బరు ప్రవక్త

సాలూరు బైపాసు మీద లారీ బ్రేకుల పని చేసే ఏసురాజంటే నేనే. ముందుచక్రం బ్రేకు పైపు వంచి, పగుల్లో గోరు దింపి చూస్తే చాలు, ఆ రబ్బరు ఇంకెన్ని ట్రిప్పులు బతుకుతుందో చెప్పేస్తాను. ఇందులో మాయేమీ లేదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ పైపు ఉబ్బుతుంది, పగులు కాస్త లోపలికి దిగుతుంది. కొరాపుట్ ఘాటీ దిగడానికి బ్రేకు ఎన్నిసార్లు తొక్కాలో నాకు తెలుసు. పదేళ్లలో ఒక్కసారి కూడా నా మాట తప్పలేదు.

మా మెర్సీ అక్క మొగుడు శాంతికుమార్‌కి సొంత లారీ ఉంది, తనే తోలుకుంటాడు. 2014 వేసవిలో ఆ బండి పైపు వంచి చూశాను.

“ఇరవై ట్రిప్పులు బావా. ఆ తరవాత ఈ వంపు కాడే తెగుతాది. మార్సీమంటావేటి?”

బావ మరిడమ్మ టీ కొట్టు వైపు తిరిగి అందరికీ వినబడేలా అన్నాడు. “మా ప్రవక్తగారు సెలవిచ్చినారు, ఇన్నారా? కొత్త పైపు అమ్ముకోడానికి బలేగుంది బోధ!”

కొట్టంతా ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇరవై దాటాయి. ఏమీ కాలేదు. తర్వాత తెలిసింది, బావ పైకి బియ్యం తోలి ఖాళీగా దిగుతున్నాడని. ఖాళీ బండికి బ్రేకు అంత గట్టిగా తొక్కక్కర్లేదు. నా లెక్క లోడుతో దిగే బండిది. ఆ మాట చెబితే సాకంటారు. దిగిన ప్రతిసారీ బావ హారన్ కొట్టి మరీ అరిచేవాడు, “ఏరా ప్రవక్తా, ఇరవై మూడు!” అని. చివరికి నా దగ్గరికొచ్చే డ్రైవర్లు కూడా నవ్వడం మొదలెట్టారు.

బావ బండి గ్రీజుకి వచ్చినప్పుడల్లా కిందికి దూరి చూసేవాణ్ణి. పగులు లోపలి దారాలదాకా దిగింది. అరగంట పని, అడక్కుండా మార్చేయొచ్చు. కానీ మార్చేస్తే నేను చెప్పింది నిజమని ఎవడికి తెలుస్తుంది? చేతులు తుడుచుకుని బయటికొచ్చేశాను. మూడుసార్లు.

ఒకరోజు పొద్దున్నే కొరాపుట్ నుంచి బావ ఫోన్ చేశాడు. “జీడిపిక్కల లోడు దొరికిందిరా, దిగతన్నాను.”

జాగ్రత్త అనడానికి నాకు నోరు రాలేదు. “సరే బావా” అన్నాను.

మధ్యాహ్నం అక్క నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. అప్పుడే, బావ వెనకాలే ఘాటీ దిగిన సోములు లారీ ఆపి పరిగెత్తుకొచ్చాడు.

“శాంతికుమార్ బండి మలుపులో బోల్తా పడిపోనాది! బ్రేకు పట్టనేదు!”

“పైపేనా? వంపు కాడేనా?” అన్నాను.

“అవును. తెగి ఏలాడతన్నాది.”

టీ కొట్టు వైపు తిరిగాను. “ఇన్నారా? ఇప్పుడు నవ్వండి!” సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషమే వేసింది.

ఎవరూ నవ్వలేదు. అక్క వెనకనుంచి నా చొక్కా పట్టుకు లాగింది.

“మీ బావ బతికున్నాడో నేదో అడగవేట్రా?”

అక్కే సోముల్ని అడిగింది. సోములు తల అడ్డంగా ఊపాడు.