కార్డుకు చిక్కని జ్వరం

బ్యానరు కట్టాలి. దండ తెప్పించాలి. మూడేళ్లుగా మలేరియా లేదన్న ఫైలు మీద జిల్లా అధికారి చేత సంతకం పెట్టించాలి. బీరువాలో పడి ఉన్న పాత సామాను తుక్కు కింద రాయాలి. ఆ రోజు మా కొండ ఆసుపత్రిలో చేయవలసిన పనులివి. ఆ పాత సామానంటే నేనే. నేను ఒక మైక్రోస్కోపుని.

అంబాలాలో పుట్టాను. నా అద్దాలు అరగదీసిన ముసలాయన ఒక్క గీతను కూడా క్షమించేవాడు కాదు. నేనెరిగిన మనుషుల్లో పని తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఆయనొకడు. ఈ కొండకు వచ్చిన కొత్తలో నెత్తుటి చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి, నాలోంచి నూరు చోట్ల వెతికేవారు. తర్వాత కార్డు వచ్చింది. చుక్క వేస్తే పావుగంటలో రెండు గీతలు వచ్చాయా, మలేరియా ఉన్నట్టు. ఒకటే గీతయితే లేనట్టు. ఆలోచించే పని తప్పినందుకు మనుషులు తెగ సంబరపడి, నన్ను బీరువాలో పెట్టారు. దసరాకి మాత్రం బయటికి తీసి ఆయుధపూజ చేసేవారు. బొట్టు సరిగ్గా నా అద్దం మీదే పెట్టేవారు. కంటికి దండం పెట్టి, ఆ కంట్లోనే కుంకుమ కొట్టే భక్తి వీళ్లది!

జామిగుడ నుంచి కిముడు సుందరి వచ్చింది. ఆరో నెల గర్భిణి. చలిజ్వరం. మొదటిసారి అత్తతో నడిచి వచ్చింది. మలేరియా లేదని కార్డు చెప్పింది, జ్వరం బిళ్లలిచ్చి పంపారు. రెండు రోజులకు అత్త భుజం పట్టుకుని వచ్చింది. మళ్లీ కార్డు, మళ్లీ బిళ్లలు. అయిదో రోజున, అంటే బ్యానరు కట్టిన రోజున, డోలీలో మోసుకొచ్చారు. అప్పుడూ ఒకటే గీత.

"ఆ కారట లేదంటాది, దీని ఒల్లు ఉందంటాది. దేని మాట ఇనాలమ్మా?" అని అత్త అడిగింది.

ల్యాబు టెక్నీషియను కొర్రా నీలమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. బీరువా తీసి, స్పిరిటు దూదితో నా కంట్లో కుంకుమ తుడిచింది. పని తెలిసిన రెండో మనిషి ఈవిడే. సుందరి నెత్తుటి చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి, నాలోంచి చూసింది. నూరు చోట్ల వెతకనక్కర్లేకపోయింది, మొదటి చోటే మలేరియా క్రిములు కనబడ్డాయి. ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"ఇవాళే దొరికిందా నీలమ్మగారూ మీకు? కార్డు మూడుసార్లు లేదంది!"

"నా కళ్లతో చూశాను సార్, ఉంగరాల్లా ఉన్నాయి. మీరూ వచ్చి ఒక్కసారి చూడండి."

"అధికారిగారిని పంపించి వస్తాను. అరగంట."

ఆ అరగంట మూడు గంటలయింది. ఉపన్యాసం, సన్మానం, ఫొటో, జీడిపప్పు ఉప్మా. సూదిమందు ఎక్కించేటప్పటికి సుందరి అత్తను గుర్తుపట్టలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు మీదే పోయింది. కడుపులో బిడ్డా పోయింది. ఫైలు మీద సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. రిజిస్టరులో 'కారణం తెలియని జ్వరం' అని రాసుకున్నారు.

నీలమ్మ ఎవరినీ అడక్కుండా ఆ గాజుపలకను నగరంలోని పెద్ద ల్యాబుకు పంపింది. నాలుగు నెలలకు జవాబొచ్చింది. మలేరియా క్రిమి నెత్తుట్లో వదిలే ఒక పదార్థాన్నే కార్డు పట్టుకుంటుందట. ఆ పదార్థం లేని రకం ఒకటి బయలుదేరిందట. పాతరకం క్రిమి కార్డుకు చిక్కి, మందుకు చచ్చింది. కొత్తది చిక్కక, ఊళ్ల మీద పెరిగింది. మెదడే లేని పురుగు బతికే దారి మార్చుకుంది. మెదడున్నవాళ్లు అట్టముక్క ముందు చేతులు కట్టుకు కూర్చున్నారు.

మళ్లీ గాజుపలకలు చూడమని ఇప్పుడు పైనుంచి ఉత్తరువు. అప్పటికే నన్ను తూకానికి అమ్మేశారు. తుక్కు దుకాణంలో తుప్పుపట్టిన ఫ్యానుల మధ్య ఉన్నాను. నాకేం బాధ లేదు, ఇక్కడ ఎవరూ పూజలు చేయరు.

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మీరూ మనుషులే కాబట్టి పెద్దగా ఆశ లేదు. అయినా గుర్తుంచుకోండి: కిముడు సుందరి, జామిగుడ, ఇరవై రెండేళ్లు. ఆమె జ్వరానికి కారణం తెలుసు. ఆ రోజు ఉదయం పదిన్నరకే తెలుసు.