ఆడవాళ్ళ చేతి వేడి

మా సుషి కొట్లో తొమ్మిది కుర్చీలున్నాయి, అభిప్రాయాలు మాత్రం పది. మూల కుర్చీలో కూర్చునే కురామోచి గారికి ఒక్కరికే రెండు మరి. పచ్చి చేప ఎలా తినాలో పక్కవాడికి చెప్పందే ఆయనకు ముద్ద దిగదు. ముందు తెల్ల చేప తినాలి, తర్వాత కొవ్వు చేప. సోయా సాసు చేపకే తగలాలి, అన్నానికి తగిలిందో, ఆ మనిషికి సంస్కారం లేనట్టే. నలభై ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో కాగితాలు తిప్పిన మనిషికి ఇంత మత్స్యజ్ఞానం ఎలా అబ్బిందో మా నుమజు ఊరి సముద్రానికే తెలియాలి.

ఆయన రెండో అభిప్రాయం ఆడవాళ్ళ చేతుల గురించి. "ఆడదాని చెయ్యి వేడి. ముట్టుకుంటే చేప చచ్చిపోతుంది" అంటారు. అప్పటిదాకా చేప బతికున్నట్టు!

మా మామగారిదీ అదే పాట, ఆయన తర్వాత మా ఆయన గెంజీదీ అదే పాట. అందుకే మా అమ్మాయి తోమోయో ఆరేళ్ళుగా వెనక గదిలోనే ఉంది. అజి చేపలు కోసేది తనే, ఉప్పు పట్టించి వెనిగర్‌లో ముంచేది తనే, అన్నం కలిపి విసనకర్రతో విసిరి చల్లార్చేది తనే. కౌంటర్ దగ్గర నిలబడి అన్నం ముద్ద మీద చేపముక్క పెట్టి సుషి ఒత్తడం మాత్రం మహాపాపం. వెనక గదిలో ముట్టుకుంటే చావని చేప, నాలుగడుగులు ముందుకొస్తే చస్తుందన్నమాట.

మొన్న శనివారం మధ్యాహ్నం తోమోయో ఏప్రాన్ విప్పి కౌంటర్ మీద పెట్టింది.

"నాన్నా, షిజువోకాలో ఓ కొట్టువాళ్ళు రమ్మంటున్నారు. కౌంటర్ దగ్గరే నిలబెడతారట. ఇవాళ నువ్వు నిలబడనిస్తే ఉంటా. లేదంటే సోమవారం వెళ్ళిపోతా."

మా ఆయన కత్తి తుడుచుకుంటూ మూల కుర్చీ వైపు చూశాడు. కన్నకూతురి సంగతి తేల్చడానికి కూడా ఆయనకు కురామోచి గారే కావాలి.

"కోప్పడకమ్మా," అన్నారు కురామోచి గారు, ముక్క నములుతూ. "నీ తప్పేం లేదు. శరీరధర్మం. సైన్సు."

సైన్సు అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కరోనా రోజుల్లో కొన్న థర్మామీటరు సొరుగులో ఉంది. నుదుటికి గురిపెట్టేది, వస్తువుల వేడి కూడా చూపిస్తుంది. పట్టుకొచ్చాను.

"సైన్సే కదా? చూద్దాం. చేతులు చాపండి!"

తోమోయో అరచేయి ముప్పై డిగ్రీలు. గెంజీది ముప్పై నాలుగు.

"ఇందాక టీ కప్పు పట్టుకున్నాలే," అన్నాడు గెంజీ.

కురామోచి గారిది ముప్పై అయిదు. "నాది లెక్కలోకి రాదు, నేను తినేవాణ్ణి," అని చెయ్యి లాక్కున్నారు. "మరి నీదెంతో చూడు, ఫుసాయే."

ఊరికే సరదాకి నన్నడిగారు. నేనూ సరదాకే పెట్టుకున్నాను. ఇరవై ఆరు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ కొట్టు గిన్నెలు కడిగిన చేతులివి. వేడినీళ్ళకు నీచువాసన లేస్తుందని, చన్నీళ్ళతోనే కడగాలని మామగారి శాసనం. కొత్త కోడలిగా నాకూ సుషి నేర్పమని అడిగాను. ఆయన నా చెయ్యి ముట్టుకోకుండానే వేడి అన్నారు. గెంజీ పక్కన నిలబడి తలూపాడు. ఆ రోజు నా చెయ్యి ఎన్ని డిగ్రీలుందో ఎవరు చూశారు గనుక? నవ్వుదామనుకున్నాను గానీ ఏడుపొచ్చింది.

గెంజీ ఆ అంకెను, నా చేతుల్ని చూశాడు. తర్వాత కౌంటర్ మీదున్న ఏప్రాన్ తీసి తోమోయో చేతికిచ్చి, తన చోటులోంచి పక్కకు జరిగాడు.

"ముందు కురామోచి గారికి తెల్ల చేప పెట్టు," అని సింకు వైపు వెళ్ళిపోయాడు.

కురామోచి గారు తిన్నారు. జన్మలో మొదటిసారి పక్కవాడికి ఏమీ చెప్పలేదు. నేను ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ కొట్లో నేను కుర్చీ ఎక్కడం అదే మొదలు.

"నాకో అజి పెట్టవే, తల్లీ."

సింకు దగ్గర గిన్నెల చప్పుడు, ఆ వెంటే గెంజీ కేక వినబడింది. "అబ్బా! ఇదేంటే, నీళ్ళు ఇంత చల్లగా ఉన్నాయి?"

"అలవాటైపోతుంది లెండి," అన్నాను. "మామగారు నాకు అదే చెప్పారు."