తోకలో మూడు దెబ్బలు

బాల్టిమోర్‌లో మేం చేసే రెండింజన్ల బాంబరు విమానం, జర్మనీతో అమెరికా యుద్ధం చేస్తున్న ఆ ఏడాది, శత్రువులకంటే ముందు మన కుర్రాళ్లనే చంపుతోంది. శిక్షణలోనే కూలిపోతోంది. కొత్త నమూనాలో రెక్కలు పొడుగు చేశారు, తోక ఎత్తు పెంచారు. అయినా గుసగుసలు ఆగలేదు. ఫ్యాక్టరీలోనే ఎవరో పాడుచేస్తున్నారని అందరి అనుమానం. నాకు మరీనూ. మా తమ్ముడు వెండెల్ ఈ విమానం తోకలో తుపాకీ పట్టుకుని కూర్చోబోతున్నాడు.

ఆ తోకకు రేకులు బిగించేది నేనూ, నా జోడీ ఓటిలీ. నేను బయటినుంచి గాలిగన్నుతో రివెట్టు, అంటే రేకుల్ని కలిపే మొండిమేకు, కొడతాను. దాని అవతలి కొస నలిగి పరుచుకునేలా ఆమె లోపల పడుకుని ఇనుపదిమ్మ అదిమిపడుతుంది. ఆ మోతలో మాట వినపడదు కనుక రేకుమీద తట్టి చెబుతుంది. ఒకటి తడితే బాగుందని, రెండు తడితే ఇంకాస్త కొట్టమని, మూడు తడితే చెడింది, తొలిచి తీసెయ్యమని. ఓటిలీ పుట్టింది జర్మనీలో. ఈమధ్య ఆవిడ తట్టేవన్నీ మూడే.

ఆ రివెట్లు మహా పెంకివి. ఐసుపెట్టెలోంచి తీసిన కాసేపట్లో కొట్టెయ్యాలి. ఆలస్యమైతే గట్టిపడి, కొట్టినప్పుడు పగులుతాయి. మళ్లీ ఐసులో పెట్టినా మెత్తబడవు. అందుకే పని దిగేటప్పుడు మిగిలినవన్నీ పారేస్తానని మా ఫోర్‌మన్ పర్విస్ పట్టుకెళ్తాడు.

"ఏం నెటీ, మీ జర్మనీ దొరసాని ఇవాళ ఎన్ని పీకించింది?" అన్నాడు పర్విస్ కాఫీ చప్పరిస్తూ.

"పీకీ పీకీ నా భుజం పడిపోయింది."

"పని ఆపడానికి బాంబెందుకు, వేలితో తడితే చాలదూ? ఇవాళ నువ్వు లోపలికెళ్లు, ఆవిడ బయటుంటుంది. నువ్వు అన్నిటికీ ఒకటే తట్టావనుకో, ఆవిడ అబద్ధం బయటపడి దొంగ దొరికినట్టే. సర్కారువాళ్లొచ్చి పట్టుకుపోతారు."

ఓటిలీకి చెబితే నా మొహంలోకి చూసింది. "నువ్వూ అంతేనా, నెటీ?"

"మావాడి ప్రాణం మరి. నేనూ అంతే."

"సరే. లైటు పట్టుకెళ్లు. అంచులు చూడు."

లోపల దూరి దిమ్మ పట్టాను. మొదటిది బాగానే కూర్చుంది. ఒకటి తట్టాను. గన్ను మోత ఆగిన సందులో "చూశావా" అని పర్విస్ నవ్వడం వినిపించింది. నాకూ సంతోషమే అయింది, దాచడమెందుకు.

రెండోదానికి లైటు వేశాను. అంచు మాడిన రొట్టెలా పగిలి ఉంది. దాని పక్కదీ అంతే. ఐసుపెట్టెలోంచి అప్పుడే తీసినవి, లోపలికి దూరేముందు నా చేత్తోనే ఓటిలీకి అందించాను, చల్లగా ఉన్నాయి. పగలడమేమిటి? పర్విస్ పారేస్తానని పట్టుకెళ్లినవి ఏ చెత్తడబ్బాలోనూ నా కంటపడలేదు. గట్టిపడ్డవాటినే మళ్లీ ఐసుపెట్టెలో కలిపేస్తున్నాడు, కంచే చేను మేస్తోందన్నమాట.

మూడు తట్టాను.

"ఏంటది? సరిగ్గా చూడు," అన్నాడు పర్విస్.

మళ్లీ మూడు తట్టాను.

"నువ్వూ ఆవిడలో కలిశావా?" అని రేకుకు మొహం ఆనించి అరిచాడు.

"మా తమ్ముడు కూర్చునేది ఇక్కడే. మిగిలిన రివెట్లు ఎక్కడ పారేస్తున్నావో ముందది చెప్పు పర్విస్," అన్నాను.

బయట డ్రిల్లు మోగింది. పగిలిన రివెట్టును ఓటిలీ తొలచడం మొదలుపెట్టింది.