కంచంలో మిగిలిన నెయ్యి

"ఏమే, ఇది తినేసేయ్, పారబోయొద్దు" అంటూ దామోదరం కంచం ముందు నుంచి లేచాడు. కంచంలో నెయ్యి ఓడుతున్న పొంగలి, రెండు వడలు మిగిలాయి. పంకజాక్షి అదే కంచం ముందు కూర్చుంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లుగా ఆమె మొగుడి కంచంలోనే తింటోంది. అది ఆ ఇంటి పద్ధతి.

ఆర్నెల్ల కిందట డాక్టరు అతని డొక్క నొక్కి, స్కానింగు చూసి, లివరుకు కొవ్వు పట్టిందన్నాడు. నెయ్యి, నూనె సగం చెయ్యమన్నాడు. అత్త అక్కమ్మ ఒప్పుకోలేదు. "బట్టలంగడి పెట్టినోడికి సప్పిడి కూడు పెట్టేదా? నలుగురు నవ్వరా?" అంది. వండేది తగ్గలేదు. అతను సగం తిని లేవడం నేర్చుకున్నాడు. మిగతా సగం ఎక్కడికి పోతోందో డాక్టరు అడగలేదు.

లివరుకు మంచిదని పొద్దున్నే నేలవేము ఆకు నూరి అతనికి రసం తీసి ఇచ్చేది పంకజాక్షి. ఆ ఆకు సంగతి ఇంటికి తెచ్చిందీ ఆమే. తిరుపతిలో ఒక కాలేజీ పరిశోధనశాలలో ఎలుకల గది ఆమె పని. నాలుగు వరసల గూళ్లు. మొదటి వరసకు మామూలు మేత. రెండో దానికి వనస్పతి కలిపిన మేత. మూడో దానికి వనస్పతి మేతతో పాటు నేలవేము నుంచి తీసిన చేదు పొడి. నాలుగో దానికి మామూలు మేత, పొడి. మేత కలిపేది, గూళ్లు కడిగేది, చచ్చినవాటిని ఎత్తేది పంకజాక్షి. రాసుకునేది జ్ఞానాంబ మేడం.

ఆ రోజు ఎలుకలను కోసి చూశారు. మూడో వరస ఎలుకల కాలేయం కాస్త పాలిపోయింది, అంతే. రెండో వరసది వెన్నముద్దలా పసుపుపచ్చగా ఉంది. కత్తికి జిడ్డు అంటింది. పళ్లెం పట్టుకుని నిలబడిన పంకజాక్షికి కుడి డొక్కలో నెలల తరబడి ఉన్న బరువు గుర్తొచ్చింది. అది పని ఆపే నొప్పి కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మందు ఒకరికి, కొవ్వు ఒకరికి. తినమని నన్నెవరూ బలవంతం చెయ్యలేదు కదా అనుకుంది. ఎలుకలనూ ఎవరూ బలవంతం చెయ్యరు. వేరే మేత పెట్టరు, అంతే.

"మేడం, మనిషికైనా ఇట్లే ఔతాదా?"

"ఔతాది. పొడి కొంతవరకే కాపాడతాది పంకజాక్షీ. ముందు మేత మారాల."

ఆ సాయంత్రం డొక్కలో బరువు సంగతి ఇంట్లో చెప్పింది.

"ఆడదానికి లివరేందమ్మే" అంది అక్కమ్మ.

దామోదరం నవ్వాడు. "ఎలకల కాడ పన్జేసి ఎలకల జబ్బు తెచ్చుకొనింది. నాకు రసం తీసినంక పిప్పి మిగిలుండాది కదా, అది మింగు."

పిప్పి మాట అతను వేళాకోళానికి అనలేదు. పిప్పి పారెయ్యడం దండగని నిజంగానే అనుకున్నాడు. కొట్టని మొగుడు మంచివాడని తల్లి చెబితే పంకజాక్షి ఇన్నేళ్లూ నమ్మింది. అతను చెయ్యి ఎత్తిన రోజు నిజంగానే ఒక్కటీ లేదు. ఎత్తే అవసరం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పని దిగి గాంధీ రోడ్డులో పాత్రలంగడికి పోయింది. స్టీలు కంచం ఒకటి తీసుకుంది. అంగడి దొరస్వామి, పాత్రల మీద పేరు కొట్టే మిషను దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవురి పెండ్లికమ్మా? ఇచ్చేవాళ్ల పేరు చెప్పు."

"పెండ్లికి కాదు. పంకజాక్షి అని కొట్టు."

"సారు పేరు?"

"అది చాలు."

ఇంటికొచ్చి గుప్పెడు బియ్యం విడిగా వండుకుంది. నూనె లేకుండా సొరకాయ పప్పు చేసుకుంది. దామోదరం అంగడి నుంచి రాకముందే వడ్డించుకుని కూర్చుంది. అక్కమ్మ గడపలో నిలబడి కంచం మీద పేరు చూసింది. చదువు రాదు కానీ ఇంట్లో గిన్నెల మీద రోజూ చూసే కొడుకు పేరు అది కాదని తెలిసింది.

"వాడు వదిలేది ఇంక ఎవురు తినాల?"

"ఎవురూ తినరత్తా" అని పంకజాక్షి పప్పు కలుపుకుంది.