అత్తగారి కొత్త కన్ను

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో వెల్డర్ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అదే వారం అతని అత్తగారు కంటి ఆపరేషన్ కోసం కూతురింటికి వచ్చింది. అతని భార్య బస్సు నడుపుతుంది. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ, "మీకా కాలు ఆనదు, అమ్మకా చూపు ఆనదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి పెట్టు. ఇల్లు జాగ్రత్త," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ అత్తా అల్లుళ్ళ మధ్య మాటలు "బాగున్నారా", "భోంచేశారా" దాటి ఎరగవు. ఇప్పుడు రోజంతా ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చోవాల్సి వచ్చింది. అతను కట్టు కట్టిన కాలు ముక్కాలి పీట మీద చాపుకుని కిటికీలోంచి వీధి చెట్టును చూసేవాడు. ఆమె ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుని అల్లుకునేది. శుక్లాలు ముదిరి ఆమెకు లోకమంతా డికాషన్‌లో ముంచి తీసినట్టు కనపడేది. అయినా ఆ చేతులు ఊరుకునే రకం కాదు. కింది వాటాలో దర్జీ కోడలికి ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డకు మేజోళ్ళు అల్లుతోంది.

మొదట్లో వెల్డర్ పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు మాత్రం అతని చూపు ఆ సూదుల దగ్గర ఆగిపోయింది. అప్పటిదాకా సన్నటి గొట్టంలా సాగుతున్న అల్లికలో ఆమె కొన్ని కుట్లు వదిలేసి మధ్యలోంచే వెనక్కి తిరిగింది. మళ్ళీ తిరిగింది. ప్రతిసారీ ఇంకాస్త తక్కువ. తర్వాత వదిలేసిన కుట్లన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటూ వచ్చింది. చూస్తుండగానే ఆ గొట్టం మూల తిరిగింది. బొటనవేలు పట్టేంత బుల్లి గిన్నె ఒకటి అక్కడ తయారై కూర్చుంది.

"అత్తయ్యగారూ, అదేంటి?"

"మడమండీ."

"ఒకసారి ఇస్తారా?"

అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. వంపు తిరగాలంటే గొట్టాన్ని కోయాలి, అతకాలి. అతని చేతులకు తెలిసిన దారి అదొక్కటే. "అతుకేదీ?" అన్నాడు.

"అతుకు లేదు బాబూ. అంతా ఒకటే దారం."

అతను దాన్ని లోపలా బయటా తిప్పి చూశాడు. నిప్పు లేదు, కత్తి లేదు. ఒక దారం తనలోంచి తనే దూరుకుంటూ పోయి మడమైంది. ఇన్నేళ్ళుగా కాళ్ళకు తొడుక్కుంటున్నవాటిలో ఇంత అద్భుతం ఉందని ఒక్కరూ చెప్పలేదేం?

"నాకు నేర్పుతారా?" అని అడిగేశాడు.

ఆమె పకపకా నవ్వింది. "అల్లుడన్నాక అల్లకపోతే ఎలాగండీ!"

నేర్చుకోవడం మొదలయ్యాక గౌరవాలు ఎక్కువ రోజులు నిలవలేదు. ఇనుప కడ్డీని పట్టినట్టు సూదిని బిగించి పట్టేవాడు. కుట్లు ఊపిరాడనంత బిగుసుకుపోయేవి. ఆమె వేళ్ళతో తడిమి చూసి, "అలా కాదురా, దాని పీక పిసుకుతావేం!" అని, వెంటనే నాలిక కరుచుకుంది. అతనికి అమ్మ పోయాక "రా" అన్నవాళ్ళు లేరు. "పరవాలేదు అత్తయ్యా, అలాగే అనండి," అన్నాడు, సూదుల మీంచి తల ఎత్తకుండా.

చలి మొదలయ్యాక ఓవెన్ వెలిగించారు. ఆమె చెప్పేది, అతను పీట మీద కూర్చుని యాపిల్ ముక్కలు తరిగేవాడు. కేకు పిండిలో కలిపి దాల్చినచెక్క పొడి చల్లి లోపల పెట్టేవాళ్ళు. ఇల్లంతా వాసన కమ్ముకోగానే అతను తొందరపడేవాడు. "అయిపోయినట్టుంది."

ఆమె కేకు బయటికి తీయించి, వేడి తగలకుండా చెవి దగ్గర పెట్టుకునేది. "ఇంకా మాట్లాడుతోంది. లోపల పెట్టు."

ఒకసారి అతనూ చెవి వంచాడు. నిజమే. చిటపటమని ఎవరో దూరంగా గుసగుసలాడుతున్నట్టు సన్నటి చప్పుడు. మళ్ళీ తీసేసరికి ఆ మాటలు సద్దుమణిగాయి. కేకు నిండుగా, నిశ్శబ్దంగా ఉంది. "ఇప్పుడు చెప్పాల్సింది చెప్పేసింది," అంది అత్తగారు.

ఆపరేషన్ రోజు కూతురు సెలవు పెట్టి తీసుకెళ్ళింది. సాయంత్రానికి కంటికి కట్టు కట్టించుకుని తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున డాక్టర్ చెప్పినట్టే కూతురు చేతులు కడుక్కుని మెల్లగా కట్టు విప్పింది. వెల్డర్ కర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె కళ్ళు చికిలించింది, మళ్ళీ తెరిచింది. ముందు గోడను చూసింది.

"సున్నం ఎప్పుడు వేయించారే?"

"వేయించలేదమ్మా. అది ఎప్పుడూ తెలుపే."

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళి అరచేత్తో తడిమింది. కిటికీ వైపు తిరిగింది. వీధి చెట్టు సగం ఆకులు రాల్చేసి, మిగిలినవాటితో ఎర్రగా మండిపోతోంది. వెనక ఆకాశం నీలం. ఆమె చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్ళింది. "ఇంత నీలమా!" అంది. "ఇదంతా ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ?"

చాలాసేపటికి చూపు కూతురి కాళ్ళ మీదికి దిగింది. క్రితం చలికాలం తనే అల్లి ఇచ్చిన మేజోళ్ళు. ఒకటి నల్లది, రెండోది వంకాయరంగు.

"ఇదేమిటే, జత కలవలేదు?"

కూతురు మొగుడి వైపు చూసింది. మొగుడు కర్ర వైపు చూశాడు.

"నాకూ ఓ జత ఉంది అత్తయ్యా. ఒకటి ఆకుపచ్చ, ఒకటి బూడిదరంగు," అన్నాడు.

"అందరూ ఇలాగే తొడుక్కుని తిరుగుతున్నారా?"

"బస్సులో అయితే అదే ఫ్యాషన్ అనుకుంటున్నారమ్మా."

అత్తగారు కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. కన్ను తుడుచుకోబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ వారంలోనే దర్జీ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి చేరారని తెలియగానే ముగ్గురూ బయల్దేరారు. వెల్డర్ ఒక్కో మెట్టూ కూర్చుని దిగాడు. భార్య చేతిలో కేకు, అత్తగారి చేతిలో మేజోళ్ళు. కుడికాలిది ఆమె అల్లింది, ఎడమకాలిది అతను. అతని మడమ కాస్త పక్కకు ఒరిగింది, అంతే.

దర్జీ కోడలు బిడ్డను తెచ్చి అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టింది. ఆమె బిడ్డకు చుట్టిన పాత దుప్పటి అంచు తొలగించి బుల్లి పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. అలాగే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?" అంది కూతురు.

"గోళ్ళు," అంది ఆమె, గుసగుసగా. "చూశావటే? చిటికెన వేలికి కూడా ఉంది. బియ్యపు నూకలో సగం లేదు."

వెల్డర్ వంగి చూశాడు. అరికాలంతా గీతలు. మడమ గులాబీరంగు. అతుకెక్కడా లేదు.

"చల్లగా ఉంది, మేజోళ్ళు తొడుగుదామా పిన్నిగారూ?" అని దర్జీ కోడలు చెయ్యి చాపింది.

"తొడుగుదువుగానీ ఉండవే," అంది అత్తగారు, పాదం మీంచి చూపు తిప్పకుండా. రెండో అరచేతిని దాని మీద గొడుగులా పట్టి వెచ్చగా ఉంచింది. "కాసేపు చూడనీ."