నీళ్ళు తిరిగి రాని బోరు

మా ఆడపడుచు పళ్ళ డాక్టరు. పన్ను ఎంత తెల్లగా ఉన్నా కొట్టి చూడందే నమ్మదు. మేం ఇల్లు చూసుకున్నామని చెప్పగానే ఎన్ని గదులని కూడా అడగలేదు.

"కింద ఏముందో చూశారా వదినా?" అంది.

"కింద నేలే ఉంటుంది డాక్టరమ్మా."

"ఆ పేటంతా ఒకప్పుడు బొగ్గు గనులు. పాత సొరంగాలు అలాగే ఉండిపోయి ఉంటాయి. రేపు ఇల్లు కుంగితే ఎవర్ని అడుగుతావు?"

నాకు ఒళ్ళు మండింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళు మొరాయించాక మా అత్తయ్య మెట్లు దిగడం మానేసింది. ఆసుపత్రికి వెళ్ళాలంటే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాలి. దారి పొడవునా ఆవిడ అందరికీ క్షమాపణలు చెబుతూ ఉంటుంది. అది చూడలేకే ఊరంతా గాలించి గుమ్మానికి ఒకే ఒక్క మెట్టున్న ఈ ఇల్లు పట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ కూతురే వచ్చి అడ్డుపుల్ల వేస్తోంది.

మా ఆయన ఎప్పటిలాగే ఇద్దరికీ తల ఊపాడు. ఆడపడుచు ఊరుకుంటేగా, తనే గనుల ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళ మ్యాపులో ఆ ఇంటి కింద ఏమీ లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, మ్యాపులు గీయని కాలంలో తవ్విన వాటి సంగతి తమకు తెలియదనీ, బోరు వేసి చూసుకోవాల్సిందేననీ, అందుకు ఇంటివాళ్ళు ఒప్పుకోవాలనీ అన్నారట.

ఇల్లు ఒక టైలరమ్మది. భర్త పోయాక చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోదామని అమ్మకానికి పెట్టింది. ఏ పరీక్షలూ లేకుండా కొనేస్తామంటూ ఇంకొకరు ఆవిడ చుట్టూ తిరుగుతున్నారు. సొరంగం బయటపడిందంటే ఇక ఆ ఇంటి మొహం చూసేవాళ్ళు ఉండరు. అలాంటప్పుడు బోరు వేస్తామని ఏ మొహం పెట్టుకుని అడగడం? నాకు నోరు రాలేదు. ఆడపడుచే అడిగింది.

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "వేసుకోండమ్మా. నాకూ తెలియాలిగా," అంది.

బోరు బండి వచ్చిన రోజు వీధి వీధంతా గోడలెక్కింది. "నీళ్ళు పడతాయంటారా?" అని పక్కింటాయన ఆశగా అడిగాడు. మాకు కావలసింది నీళ్ళు పడటం కాదు. లోపలికి పంపిన నీళ్ళు బురదై పైకి తిరిగి వస్తుంటే కింద నేల గట్టిగా ఉన్నట్టు. పెరట్లో వేసిన చోటల్లా వచ్చాయి. ఇక చాలా అన్నట్టు ఆడపడుచు వంక చూశాను. చివరి బోరు ముందు గది గోడ పక్కన. కాసేపు బాగానే దిగింది. ఉన్నట్టుండి రాడ్డు జారి కిందికి పోయింది. పంపిన నీళ్ళు పంపినట్టే పోయాయి, చుక్క పైకి రాలేదు.

బోరతను ఇంజను ఆపేశాడు. గోడకు అవతల కుట్టుమిషను ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు తట్టింది నాకు, ఆవిడ రోజంతా కూర్చునేది సరిగ్గా అక్కడేనని.

టైలరమ్మ బయటికి వచ్చి విషయం విన్నది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ ఫోను తీసి, కొంటామని తిరుగుతున్నవాళ్ళకు చేసింది. "మా ఇంటి కింద సొరంగం ఉందటండీ. ఇప్పుడే తెలిసింది. మీరు వేరే ఇల్లు చూసుకోండి."

"మీరు చెప్పకపోతే వాళ్ళకు తెలిసేది కాదు కదండీ," అన్నాను, బుద్ధి గడ్డి తిని.

"నాకు తెలిసిపోయిందిగా." ఆవిడ మా ఆడపడుచు చేయి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ దాని మీదే కూర్చుని కుట్టాను. నీ పట్టుదల చల్లగుండ, ఇవాళ్టికి లేచాను తల్లీ."

ఆ మాటతో నా కోపమంతా నీరుగారిపోయింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆడపడుచుతో పైకే అన్నాను, నువ్వు లేకపోతే మీ అమ్మను తీసుకొచ్చి ఆ గదిలోనే పడుకోబెట్టేదాన్నని. "అందుకేగా అడిగాను," అంది.

గనులు తవ్వినవాళ్ళదే పూడ్చే బాధ్యత. ఆడపడుచు వాళ్ళ వెంటపడి, తల ప్రాణం తోకకు తెప్పించి మరీ పని మొదలుపెట్టించింది. సిమెంటు లారీలు వస్తూనే ఉన్నాయి, నేల తాగుతూనే ఉంది. వానాకాలం వెళ్ళాక గానీ నిండలేదు. మళ్ళీ బోరు వేస్తే నీళ్ళు చక్కగా పైకి వచ్చాయి. టైలరమ్మ ముందుగా మాకే కబురు పెట్టింది. ఆవిడ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఇంటికి మారిన కొత్తలో ఒక ఉదయం, వంటింట్లోంచి వచ్చి చూస్తే అత్తయ్య మంచం ఖాళీ. పెరట్లోనూ లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. వీధిలోకి పరిగెత్తాను. వీధి చివర, చెప్పులు కుట్టేవాడి గొడుగు కింద స్టూలు మీద కూర్చుని ఉంది. బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్న జత కదా, నడిచేసరికి పట్టీ తెగిందట. అతనితో కబుర్లలో మునిగిపోయింది.

"ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేస్తారా అత్తయ్యా?" అని నలుగురిలోనూ కేకలేశాను.

"చెబితే నువ్వు తోడొస్తానంటావు," అంది.

అక్కడి నుంచే ఆడపడుచుకు ఫోను చేశాను. "మీ అమ్మ ఒక్కతే ఇల్లు దాటి వచ్చేసింది. వీధి చివరిదాకా."

అవతల పళ్ళు శుభ్రం చేసే మిషను చప్పుడు ఆగింది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు వదినా," అంది.