పన్నెండు గంటల గడి

కరోనాకు స్కూలు మూసేసిన రోజు ఆమె చేతిలో ఉన్నవి ఇవి: నలభై మూడు మంది పిల్లల ఫోన్ నంబర్లున్న రిజిస్టరు, స్కూలువాళ్ళిచ్చిన లాప్‌టాప్, ఒక చెవికే వినిపించే హెడ్‌ఫోన్లు. ఇంట్లో దక్కిన చోటు భోజనాల బల్లకు వంటింటివైపు చివర. తలుపున్న పడకగది భర్తకు ఆఫీసయింది. రెండో గదిలో అత్తగారు, ఆవిడ టీవీ. హాల్లో ఆరో తరగతి కొడుకు, వాడి ఆన్‌లైన్ పాఠాలు. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేదు.

ఆమె పని చివరి ఏడాది పిల్లలకు తర్వాత ఏం చదవాలో, ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలో చెప్పడం. పిల్లలు దారి మేడమ్ అంటారు. భర్త ఆ పనిని ఫోన్ కబుర్లంటాడు. "మాకు టార్గెట్లుంటాయి. నీకేముంది, నాలుగు మాటలు చెబితే అయిపాయె" అని ఈ రోగం వచ్చిన మొదటి నెలలోనే తేల్చేశాడు. ఆ నాలుగు మాటలు ఆమె కూరగాయలు తరుగుతూ చెప్పింది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి గిన్నెలు తోముతూ చెప్పింది. ప్రవేశపరీక్ష మూడుసార్లు వాయిదా పడితే మూడుసార్లూ అందరికీ ఫోన్ చేసింది. ఒక పిల్లవాడు అమ్మానాన్నలిద్దరూ ఆసుపత్రిలో ఉండగా ఫోన్ చేసి, "మేడమ్, ఫారానికి ఆఖరు తేదీ ఎప్పుడు?" అని మాత్రమే అడిగాడు. తేదీ చెప్పింది. అన్నం తిన్నావా అంది. వాడు ఏడ్చాడు. అవతల పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. "రోజంతా ఇంట్లోనే ఉంటావు, పాలు చూసుకోలేవా?" అని అత్తగారు నొచ్చుకున్నారు.

అందుకని ఒక పట్టీ రాసి ఫ్రిజ్‌కు అంటించింది. తొమ్మిది నుంచి నాలుగు దాకా గంటకో గడి, గడిలో అప్పుడు మాట్లాడవలసినవాళ్ళ పేరు. చూస్తే ఇంట్లోవాళ్ళు ఆ వేళకు పిలవరని ఆశ. పన్నెండు గంటల గడిలో మాత్రం 'ఖాళీ' అని రాసింది. అది క్లాసులో అందరూ పొడుగుపిల్ల అనే అమ్మాయి కోసం అట్టిపెట్టిన గంట. పొడుగుపిల్ల తండ్రి దర్జీ. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, అది ఆయన జేబులో దుకాణానికి పోతుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పిల్ల చేతికి దొరికితే దొరికినట్టు. వస్తే పన్నెండుకే వస్తుంది, ఏ రోజు వస్తుందో చెప్పలేం. పేరు రాయడానికి లేదు, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. నిజానికి అన్ని గడుల్లోకీ ఆమె కదలడానికి వీల్లేనిది అదే.

ఇంట్లోవాళ్ళు చదివింది ఆ ఒక్క మాటే.

"పన్నెండుకు ఖాళీ అని నువ్వే రాశావుగా అమ్మాయ్, నా మోకాళ్ళకు కాస్త నూనె రాద్దువు రా" అన్నారు అత్తగారు. "అమ్మా, ఖాళీలో నా ప్రాజెక్టు అతికించవా?" అన్నాడు కొడుకు. "ఆ గంటలో నా చొక్కాలు ఇస్త్రీ చెయ్యి. పై సగం చాలు, కింద సగం కెమెరాలో పడదు" అన్నాడు భర్త, తన జోకుకు తనే నవ్వుకుంటూ.

"ఖాళీ అంటే గడి ఖాళీ అండీ. నేను కాదు."

"రెండూ ఒకటేగా!"

వాదించేకంటే ఇస్త్రీ తొందరగా అయిపోతుంది. అదీ ఆమె లెక్క. ఎనిమిది నెలలూ అదే లెక్క.

ఆఖరు తేదీ వచ్చింది. సాయంత్రం అయిదులోగా ప్రతి పిల్లా మూడు కాలేజీలు వరసగా ఎంచుకుని ఫారం పంపాలి. పంపాలంటే ఇంటి పెద్ద ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది కొట్టాలి. నలభై రెండు మందీ పంపేశారు. కావాలంటే అయిదుదాకా వరస మార్చుకోవచ్చు, దానికి మళ్ళీ నంబరు అక్కర్లేదు. పొడుగుపిల్ల ఒక్కతే మిగిలింది. ఆ పిల్లకు భూములు కొలిచే చదువు కావాలి. అది ఉన్న కాలేజీ ఒక పగలంతా ప్రయాణం, హాస్టల్లో ఉండాలి. "మీ మేడమ్‌తో మాట్లాడాకే నంబరు చెప్తా" అన్నాడట తండ్రి. ఈ మధ్యాహ్నం దాటిపోతే పిల్ల దుకాణంలో రెండో మిషను ముందు కూర్చోవలసిందే. దానికి ఆయన అప్పుడే నూనె కూడా వేసి ఉంచాడు.

పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా భర్త తన లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మా మేనేజరు గారమ్మాయి. ఏం చదవాలో తేల్చుకోలేకపోతోంది. పన్నెండుకు నువ్వు ఖాళీయేగా, మాటిచ్చేశాను. కాస్త బాగా చెప్పు."

ఆమె అతనివైపు చూసింది. పనికిరాని సరుకును ఎవరూ పై అధికారికి కానుకగా తీసుకెళ్ళరు. అంటే దాని విలువ ఇతనికి మొదటినుంచీ తెలుసన్నమాట.

"నమస్తే అమ్మా, మావాడు మీ గురించి తెగ చెప్పాడు" అంటున్నాడు తెర మీద మేనేజరు. అప్పుడే బల్ల మీద ఫోను వణికింది. దర్జీ నంబరు.

"సార్, ఏమనుకోకండి. ఇప్పుడు వేరే పిల్లకు మాటిచ్చాను. మీ అమ్మాయితో ఆరింటికి మాట్లాడతాను."

లేచింది. వెనక భర్త "ఏయ్" అన్నాడు, మేనేజరుకు వినపడనంత చిన్నగా. పక్కన కుక్కరు కూస్తోంది, టీవీలో ఎవరో ఏడుస్తున్నారు, హాల్లో ఎక్కాలు. రిజిస్టరు చంకలో పెట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసి, బకెట్ బోర్లించి కూర్చుంది.

"మేడమ్, మీ గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఎక్కడున్నారు?" అన్నాడు దర్జీ.

"ఇంట్లోనేనండీ. స్నానాలగదిలో."

"అదేంటి?"

"చప్పుడు లేని చోటు ఇదొక్కటే."

ఆయన గొంతు తగ్గించాడు. "తప్పుగా అనుకోకండి. మీరింత చదివారు, ఉద్యోగం చేస్తున్నారు. మీకే కూర్చోడానికి చోటు లేకపోతే, మా పిల్ల అంత దూరం పోయి చదివి ఏం బావుకుంటుందని?"

ఇలాంటి తండ్రులకు చెప్పే మాటలు ఆమె దగ్గర బోలెడున్నాయి. ఉద్యోగాలు, హాస్టల్ కాపలా, పోయినేడు చేరిన పిల్లలు. అవన్నీ పక్కన పెట్టింది.

"నేను ఇంటికి దగ్గరున్న కాలేజీలోనే చదివానండీ. అదే ముందు రాయమన్నారు, రాశాను. నాకేం కావాలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పట్నుంచీ మిగిలిన చోట సర్దుకోవడం అలవాటైపోయింది. మీ పిల్ల నోరు తెరిచి చెప్పింది. నాకది చేతకాలేదు."

"ఏం చదువన్నారు అది?"

"భూమి కొలతలు."

"కొలతలా? అయితే మా పనే! కాకపోతే భూమి లావెక్కదు, మళ్ళీ మళ్ళీ కుట్లు విప్పే పని లేదు."

అవతల పొడుగుపిల్ల ఫక్కున నవ్వి ఫోను లాక్కుంది. "మేడమ్, దగ్గరిది మొదట, ఇది మూడోది అన్నారుగా మొన్న. అలాగే వెయ్యనా?"

అవును, తనే అంది. "తప్పు చెప్పానమ్మా. నీకు కావలసింది మొదట వెయ్యి."

తండ్రి ఆరంకెల నంబరు ఒక్కొక్కటే పైకి చదివాడు, కొలత తీసి చెప్పినట్టు.

ఫోను పెట్టేశాక కూడా ఆమె లేవలేదు. ఒళ్ళో రిజిస్టరు తెరిచింది. మగపిల్లల పేజీల్లో ఎర్ర గీత కింద 'ఏం కావాలి?' అని ఉంది. ఆడపిల్లల పేజీల్లో 'ఇంట్లో ఏమంటున్నారు?' అని ఉంది. అలా గీయమని ఎవరూ చెప్పలేదు. ఆ గుండ్రటి అక్షరాలు తనవే. దగ్గర్లోనే ఉండాలట. అన్నయ్య ఒప్పుకోడట. పెళ్ళయ్యాక పనికొచ్చేది చదవాలట. పదకొండేళ్ళుగా ఏటా కొత్త రిజిస్టరు, అవే గీతలు.

తలుపు దబదబలాడింది. "మేనేజరు ముందు నా పరువేం కాను? బయటికొచ్చి ముందు సారీ చెప్పు!" దాని వెనకే అత్తగారి గొంతు: "వంట సంగతి చూడమనరా ముందు."

బయటికొచ్చింది. తిన్నగా పడకగదిలోకి వెళ్ళి, భర్త చార్జరు, కాగితాలు, మంచినీళ్ళ సీసా తెచ్చి భోజనాల బల్ల చివర పెట్టింది.

"ఈ గది నాకు కావాలి."

"నాకు రెండింటికి మీటింగుంది!"

"ఇక్కడ చేసుకోండి. నేను చేశానుగా."

"పిచ్చిగానీ పట్టిందా నీకు?"

"ఇంకా ఇరవై రెండు మంది ఆడపిల్లలున్నారు" అని తలుపు వేసుకుంది.

జాబితాలో మొదటి ఆడపిల్లకు ఫోన్ చేసింది. "నీకేం కావాలమ్మా?" అంది.

"ఎవరికి మేడమ్, నాకా?"

అయిదింటికి ఫారాలు మూతపడ్డాయి. గొంతు బొంగురుపోయింది, నడుము పట్టేసింది, పొద్దుటి టీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఆరింటికి మేనేజరు గారమ్మాయి ఉంది, ఆ పిల్లనీ అదే అడగాలి. రేపట్నుంచి ఈ గది తనదని ఈ పూటే చెప్పేయాలనుకుంది.

ఇరవై రెండు మందిలో ముగ్గురు ఫోను ఎత్తలేదు. ఎనిమిది మంది, రాసింది తమకిష్టమైనదే అన్నారు, ఆమె ఇంకేమీ అనలేదు. నలుగురి పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. ఆ నలుగురూ గట్టిగా, "నాకేం వద్దు మేడమ్" అన్నారు. ఏడుగురు వరస మార్చుకున్నారు. పొడుగుపిల్లతో ఎనిమిది. పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా వెళ్ళిన రెండొందల పైచిలుకు ఆడపిల్లల్లో, ఎనిమిది మంది.